గంజి పెట్టిన క్యాండిడేట్

మా అమ్మాయి సహజ ఒక కంపెనీలో కొత్తవాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగంలో పనిచేస్తుంది. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. ఆ మూడు రోజులూ మా ఇంట్లో వినిపించే మాట ఒక్కటే, క్యాండిడేట్. "ఆ క్యాండిడేట్ ఆఫర్ తీసుకుని జాయిన్ అవలేదు." "ఈ క్యాండిడేట్ కెమెరా ఆన్ చెయ్యనంటున్నాడు." "ఇంకో క్యాండిడేట్ పెదాలు కదులుతున్నాయి కానీ గొంతు వేరేవాళ్ళది." వంటింట్లో తాలింపు పడుతుంటే ఒకటి, నేను పేపరు తిరగేస్తుంటే ఒకటి. మొన్న ఉండబట్టలేక, అది ఫోను పెట్టేశాక వెళ్ళి, "మీ క్యాండిడేట్లలో ఎవరైనా ఒంటికి సుద్ద పూసుకుని వస్తారా?" అని అడిగాను. అది నావైపు చూసి, "నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది. వేసుకున్నానని చెప్పి, పక్కన కూర్చుని, పాతకాలపు రోము నగరంలో ఎన్నికల్లో నిలబడేవాళ్ళ సంగతి చెప్పాను. వాళ్ళు తెల్లటి వస్త్రం చుట్టుకుని, ఆ తెలుపు చాలదన్నట్టు మీద సుద్దపొడి రుద్దుకుని బజార్లలో తిరిగేవారట. లాటిన్ భాషలో కాండిడస్ అంటే మెరిసే తెలుపు. ఆ తెల్లబట్టలవాడే క్యాండిడేట్. సహజ వెంటనే ఫోనులో వెతికింది. నేను చెప్పినది నిజమేనని తేలినందుకు కొంచెం నిరాశపడి, "నీకెవరు చెప్పారు?" అంది.

లింగమూర్తి సార్ చెప్పారన్నాను. "ఆయనెవరు? నువ్వెప్పుడూ చెప్పలేదే!" అంది. నిజమే, చెప్పలేదు. నా తొలిరోజుల గురించి నేను చెప్పని సభ లేదు. రేకుల గదిలో రాసిన రాత్రులు, తిరగ్గొట్టిన కథలు, అన్నీ కాస్త ఉప్పూకారం చల్లి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. కానీ ఆ కథలోంచి ఒక మూడు నెలలను మాత్రం చాలా నేర్పుగా కత్తిరించేశాను. సార్ గురించి చెబితే ఆ మూడు నెలలు కూడా బయటికి వస్తాయి. అందుకని ఆయన్నే కత్తిరించేశాను.

నేను హైదరాబాదు వచ్చేనాటికి ఊరంతా కంప్యూటరు మీద ఊగుతోంది. బస్టాపుల్లో, కరెంటు స్తంభాల మీద, ఆఖరికి టిఫిన్ బండ్ల మీద కూడా కోర్సుల కాగితాలే. తెనాలి పక్కనుంచి వచ్చిన నేను మాత్రం ఫిల్మ్‌నగర్‌ని ఉద్ధరించడానికి వచ్చాను. మధురానగర్‌లో లింగమూర్తి సార్ ఇంటి మేడమీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక రేకుల గది దొరికింది. ఇంటికి రాసే ఉత్తరాల్లో దాన్ని పెంట్‌హౌస్ అని రాసేవాణ్ణి. సార్ అప్పటికి రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. వరంగల్లు వైపు మనిషి. చిన్నప్పుడు చదివిన మిషన్ బడిలో ఒక విదేశీ ఫాదరు లాటిన్ నేర్పాడట. శనివారం శనివారం హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టే ఆ పెద్దమనిషి నోట్లోంచి లాటిన్ మాటలు వస్తుంటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. పాత క్యాలెండరు కాగితం అట్ట వేసిన ఒక లాటిన్ డిక్షనరీ ఉండేది ఆయన దగ్గర. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాకే దాన్ని ముట్టుకునేవారు.

పొద్దున్న ఆరింటికల్లా గేటు దగ్గర ఇరవై జతల చెప్పులు చేరేవి. నల్గొండ, కరీంనగర్, ఖమ్మం నుంచి వచ్చి పగలంతా కంప్యూటర్ కోర్సులు చేసే పిల్లలు, ఎనిమిదింటి దాకా సార్ దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు. వాళ్ళకు కావలసింది ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పండి అంటే ఏం చెప్పాలన్నది. సార్ ఇచ్చేది రోము చరిత్ర. రోజుకో మాట పట్టుకుని దాని ముత్తాత దాకా వెళ్ళేవారు. నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి వెనక చాపమీద కూర్చునేవాణ్ణి. క్యాండిడేట్ మాట వచ్చిన రోజు నాకింకా గుర్తే. సార్ సాసర్లో చాయ్ పోసుకుని, ఊదుకుంటూ చెప్పారు.

"మీరందరు ఏమంటున్నరు, క్యాండిడేట్ క్యాండిడేట్ అంటున్నరు గదా. రోముల గా మాటకు తెల్లబట్టలోడు అని అర్థం. పదవి గావాలన్నోడు సుద్ద పూసుకొని, ఇంటింటికి పోయి, సేతులు వట్టుకొని అడిగేటోడు. లోపల ఇంకో అంగి సుత ఏస్కునేటోడు గాదట. ఎందుకో ఎరికేనా? యుద్ధంల తాకిన గాయాలు జనానికి కనవడాలె."

ముందు వరసలో ఒకతను చెయ్యెత్తి, "సార్, ఇది ఇంటర్వ్యూల అడుగుతరా?" అన్నాడు.

"అడగరు. నువ్వు అడగవోతున్నవ్ గదా, నువ్వేందో నీకు ఎరికుండాలె," అన్నారు సార్. తర్వాత వెనక్కి చూసి, "ఏం రైటర్ సాబ్, నీ గాయాలేంది?" అన్నారు. నాకున్నవి దోమకాట్లే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ బుర్రలో మాత్రం ఆ సుద్ద తెలుపు అలా ఉండిపోయింది. సార్ చెప్పినదాంట్లో అడగడం గురించీ, గాయాల గురించీ ఉన్నదంతా వదిలేసి, తెల్లబట్టలు కుట్టించుకోమన్న సలహాగా దాన్ని తీసుకున్న మేధావిని బహుశా నేనొక్కణ్ణే.

ఎందుకంటే ఫిల్మ్‌నగర్‌లో అప్పుడు తెలుపంటే నిర్మాత. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు. రచయితలైతే లాల్చీ, గడ్డం. నాకు గడ్డం సరిగ్గా మొలవదు. అందుకని తెలుపే శరణ్యమనుకున్నాను. రహమత్ నగర్‌లో ఒక దర్జీ దగ్గరికి వెళ్ళి తెల్లగుడ్డ ఇస్తే, ఆయన కొలతల టేపు మెడలో వేసుకుని, "సినిమానా, రాజకీయమా?" అని అడిగాడు. రాజకీయమైతే జేబు పెద్దగా పెడతాడట. సినిమా అన్నాను, ఛాతీ కాస్త విరిచి. రెండు జతలు కుట్టి ఇచ్చాడు.

వాటిని నిజంగా తెల్లగా చేసింది మాత్రం సత్తెమ్మగారు, సార్ భార్య. ఆ ఇంట్లో అన్నం వార్చి వండేవారు. గంజిని ఒక స్టీలు గిన్నెలో పట్టి, చల్లారనిచ్చి, నీళ్ళు కలిపి, పొడిగుడ్డలో మూటకట్టిన నీలిమందును అందులో ఒక్కసారి ముంచి తీసేవారు. "శాన పడితె నీలం అయితది, తక్కువ పడితె పాతది లెక్క కనవడ్తది," అనేవారు. నా చొక్కాలు నేను ఉతుక్కుంటానంటే ఒప్పుకునేవారు కాదు, నేను ఉతికితే కాలరుకు మురికి వదలదని ఆమెకు నమ్మకం. నా గది ముందు తాడుమీద ఆరేస్తే, మధ్యాహ్నం ఎండకు ఆ బట్టల్లోంచి వచ్చే అన్నపు గంజి వాసన గదిలోకి నిండుగా వచ్చేది. ఆకలిగా ఉన్నప్పుడు ఆ వాసన భరించడం కష్టం. ఆమెకది తెలుసేమో, బట్టలు తీసుకెళ్ళడానికి పైకి వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక గిన్నె ఉండేది.

అలా గంజితో కరకరలాడుతూ ఒకరోజు పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో వీరభద్రంగారనే నిర్మాత ఇంటికి వెళ్ళాను, కథ చెప్పడానికి. చంకలో ఫైలు. వాచ్‌మన్ నన్ను ఆపలేదు. నమస్కారం కూడా పెట్టలేదు, పక్కకి జరిగి లోపలికి చెయ్యి చూపించాడు. తెలుపు మహత్యం అనుకున్నాను. పోర్టికోలో నిలబడి కథ మొదటి వాక్యం నెమరేసుకుంటుంటే వీరభద్రంగారు చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టుకుని గబగబా బయటికొచ్చారు. నన్ను కిందినుంచి పైకి చూశారు. "వచ్చావా? ఎనిమిదింటికి రమ్మంటే ఎనిమిదిన్నరా? బండి తియ్యి," అని తాళాలు నా చేతిలో పడేసి వెనక సీట్లో కూర్చున్నారు.

నేను మర్చిపోయిన సంగతి ఏమిటంటే, జూబ్లీ హిల్స్‌లో తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకునేవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. డ్రైవర్లు. నిర్మాతా తెలుపే, ఆయన డ్రైవరూ తెలుపే. తలుపు ఎవరు తీస్తారన్నదే తేడా. ఆ పొద్దున్న కొత్త డ్రైవరు రావలసి ఉంది. వాడు రాలేదు, నేను వెళ్ళాను. నోరు తెరిచి "అయ్యా, నేను రచయితనండి" అంటే సరిపోయేది. కానీ నా బుర్ర సినిమా బుర్ర కదా, అది వేరే స్క్రీన్‌ప్లే వేసింది. బండి నడపడం నాకు వచ్చు, మా మావయ్య ట్యాక్సీ మీద నేర్చుకున్నాను. కార్లో నిర్మాత, నేను, మధ్యలో ఇంకెవరూ లేరు. ఇంతకన్నా మంచి అవకాశం ఏ రచయితకు దొరుకుతుంది? సిగ్నల్ దగ్గర మొదలుపెడితే చెక్‌పోస్టు దాటేలోగా ఇంటర్వెల్ దాకా చెప్పేయొచ్చు అనుకుని స్టీరింగు పట్టుకున్నాను.

మూడు నెలలు పట్టుకున్నాను. వీరభద్రంగారు కారెక్కింది మొదలు దిగేదాకా ఫోనులోనే ఉండేవారు. మాదాపూర్‌లో స్థలాలు, ఎవరో కట్టబోయే అద్దాల మేడలు, కొడుకు పెడతానంటున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఫోను పెట్టేసిన మరుక్షణం నిద్ర. అద్దంలో ఆయన నోరు తెరుచుకుని నిద్రపోవడం చూస్తూ కథ నాలో నేనే చెప్పుకునేవాణ్ణి. బండి మాత్రం జాగ్రత్తగా నడిపేవాణ్ణి, గతుకుల్లో ఆయన నిద్ర చెడకుండా. ఇంతలో మధురానగర్‌లో ఇంకో కథ నడుస్తోంది. రోజూ పొద్దున్నే తెల్లబట్టల్లో ఎక్కడికి పోతున్నావని సార్ అడిగితే, వీరభద్రంగారింట్లో కథా చర్చలు జరుగుతున్నాయని చెప్పాను. సిట్టింగులు అన్నాను. కూర్చునే పనే కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదని నన్ను నేను సమాధానపరచుకున్నాను. సార్ ఎంత సంబరపడ్డారంటే, కొత్త బ్యాచి రాగానే నన్ను చూపించి, "గీయన మన రైటర్ సాబ్. పెద్ద ప్రొడ్యూసర్ ఇంట్ల సిట్టింగులల్ల ఉన్నడు. జర చూసి నేర్చుకోండ్రి, పట్టుదల అంటే గట్ల ఉండాలె," అని చెప్పేవారు. ఇరవైమంది వెనక్కి తిరిగి నన్ను చూసేవాళ్ళు. నేను నేలచూపులు చూస్తే వినయమనుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో నన్ను రచయిత అని నమ్మిన మనిషి ఆయనొక్కరే. ఆయన దగ్గర ఆ పేరు పోతే నాకింక ఏ పేరూ లేదు.

ఒకరోజు వీరభద్రంగారు కారెక్కకుండా కిటికీ దగ్గర వంగి, "బాబూ, మావాడికి ఇంగ్లీషు నేర్పడానికి ఒక మాస్టారిని మాట్లాడాడు మా మేనేజరు. ఫారిన్ వాళ్ళతో మాట్లాడాలంటాడు వీడు, నోరు తెరిస్తే తెలుగు తప్ప రాదు. మధురానగర్ వెళ్ళి ఆయన్ని తీసుకురా, మర్యాదగా తీసుకురా," అని ఒక చీటీ ఇచ్చారు. చీటీ మీద మా ఇంటి నంబరు ఉంది.

ఆ రోజు మధురానగర్ చేరడానికి నేను తిరిగినన్ని సందులు ఏ కారూ తిరిగి ఉండదు. టైరు పంక్చరైతే బావుండునని మొక్కుకున్నాను. ఆఖరికి మా గేటు ముందు ఆపి, హారను కొట్టడానికి చెయ్యి రాక, అలాగే కూర్చున్నాను. సార్ తామే బయటికొచ్చారు. అన్నాళ్ళలో ఆయన్ని గళ్ళ లుంగీలోనో, మట్టిరంగు ప్యాంటులోనో చూశాను కానీ ఆ రోజు తెల్ల చొక్కా, తెల్ల ధోతీ. గంజి గట్టిగా పట్టించినట్టున్నారు, నడుస్తుంటే కాగితంలా చప్పుడవుతోంది. నిర్మాత ఇంటికి పిలుపు రాగానే ఈయనకూ సోకు పుట్టిందే అనుకున్నాను. అంత భయంలోనూ నాకు ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పలేను. నేను దిగి వెనక తలుపు తీశాను. సార్ నన్ను చూశారు, తలుపును చూశారు, దాన్ని తనే మూసేసి ముందుకొచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు.

"సార్, అదీ..." అన్నాను.

"ముందల ఆటో ఉన్నది, సూసి నడుపు," అన్నారు. యూసుఫ్‌గూడ దాటాక, తరగతిలో చెప్పినట్టే నింపాదిగా మొదలుపెట్టారు. "క్యాండిడేట్‌కు ఒక చెల్లె ఉన్నది, నీకు చెప్పిన్నా? కాండిడ్. అదే తెలుపుల కెల్లి పుట్టింది. ఇంగ్లీషులకు వచ్చిన కొత్తల తెల్లనిది అనే అర్థం. తర్వాత కొన్నాళ్ళు మంచి మనసు అని. అంటే, ఎదుటోని తప్పును పెద్దగ చేయకుంట, మంచే తలిచెటోడు. ఇప్పుడేమో మొకం మీద కొట్టినట్లు చెప్పుడు అయిపోయింది."

"ఏది సరైనది సార్?"

"అన్నీ సరైనయే. మాట గూడ కిరాయి ఇండ్లు మారుతది. నాకైతె నడిమిది ఇష్టం," అన్నారు. నేను గేరు మార్చాను. కళ్ళు మసకబారినందుకు అద్దం తుడిచాను, తప్పు అద్దానిదైనట్టు.

వీరభద్రంగారు పోర్టికోలో ఎదురొచ్చి సార్‌కి నమస్కారం పెట్టి, కొడుకును పిలవబోయారు. సార్ చెయ్యెత్తి ఆపారు. "మీ పిల్లగానికి చెప్త. తప్పకుంట చెప్త. గాని మొదలు నాదొక మాట. గీ అబ్బాయి డ్రైవర్ కాదు, రైటర్. నా ఇంట్లనే ఉంటడు. ఈయన కథ ఒక్కసారి, ఫోను పక్కన వెట్టి ఇనుండ్రి. బాగలేకుంటె బాగలేదని చెప్పుండ్రి." అంటూ రెండు చేతులతో వీరభద్రంగారి చెయ్యి పట్టుకున్నారు. నాకు భూమి బద్దలైతే బావుండుననిపించింది. అది బద్దలవలేదు, వీరభద్రంగారు కుర్చీ తెప్పించారు. నిజంగానే ఫోను కట్టేశారు. నేను మూడు నెలలు కాచుకున్న ఆ ముప్పావు గంట వచ్చింది. హీరోకు మొదటి సీన్లో చూపు పోతుంది, ఇంటర్వెల్‌లో వచ్చి, మళ్ళీ పోయి, క్లైమాక్స్‌లో వస్తుంది. రెండోసారి చూపు పోయినప్పుడు వీరభద్రంగారి కొడుకు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆగకుండా చెప్పాను. అయిపోయాక వీరభద్రంగారు చాలా మర్యాదగా, "బాబూ, నువ్వు బండి చాలా బాగా నడుపుతావు. బ్రేకు ఎక్కడ వెయ్యాలో నీకు బాగా తెలుసు. కథలో అదే తెలీలేదు," అన్నారు. మళ్ళీ ఆయనే, "మరి రేపటి నుంచి ఎలా రమ్మంటాను? రచయితని తెలిశాక తాళాలిస్తే బావుండదు కదండీ," అన్నారు. ఆ ఇంట్లో నాకు అండీ అనిపించుకునే గౌరవమూ, ఉద్యోగం పోవడమూ ఒకే వాక్యంలో జరిగాయి.

నాకు సార్ మీద ఒళ్ళు మండిపోయింది. అడగమని ఎవరన్నారు? పదిమందిలో నా పరువు తీశారు, పొట్ట కొట్టారు అనుకున్నాను. ఆయనతో ఒక్క మాట అనలేదు, అంటే బావుండేదేమో. నెల తిరక్కుండా గది ఖాళీ చేసి రహమత్ నగర్‌లో ఒక ఇరుకు గదికి మారిపోయాను. సత్తెమ్మగారు గేటు దగ్గర నిలబడి, "ఏంది బిడ్డా, మా తోటి ఏమన్న తప్పయిందా?" అంటే, పని ఎక్కువైందని చెప్పాను. పని లేదు. తర్వాత ఒక కంపెనీలో పాఠాలు రాసే ఉద్యోగానికి వెళ్ళాను, లేతనీలం చొక్కా వేసుకుని, క్యాండిడేట్‌గా. నీ గురించి చెప్పు అన్నారు. సార్ చాపమీద నేర్చుకున్న ఇంగ్లీషే చెప్పాను, ఉద్యోగం ఇచ్చారు. కథలు రాసి పేరు తెచ్చుకోవడం ఎప్పటికో జరిగింది, హీరోలకు చూపు పోగొట్టడం మానేశాక. సార్ పోయారని తెలిసిన రోజున కూడా మధురానగర్ వెళ్ళలేదు. అప్పుడు రాస్తున్న టీవీ సీరియల్ ఎపిసోడ్ ఇవ్వాలి అనుకున్నాను. ఎపిసోడ్ మర్నాడు కూడా ఇవ్వొచ్చు.

సహజ అడిగిన మర్నాడు వెళ్ళాను. జూబ్లీ హిల్స్ మీదుగా వెళ్తుంటే చూశాను, ఇప్పుడు నిర్మాతలు నల్ల టీషర్టుల్లో తిరుగుతున్నారు. తెలుపు మిగిలింది డ్రైవర్లకే. సహజ క్యాండిడేట్లు పైన చొక్కా, కింద లుంగీతో కూర్చుని, నడుం పైభాగమే కనిపించేట్టు కెమెరా సర్దుకుంటారట. వాళ్ళను తిట్టడానికి నాకు అర్హత లేదు. మధురానగర్‌లో ఆ ఇల్లు ఉంది. తరగతి జరిగిన హాల్లో ఇప్పుడు కర్రీ పాయింటు. వెనక గదిలో సత్తెమ్మగారు నన్ను చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, "రైటర్ సాబ్!" అన్నారు, నిన్ననే వెళ్ళినట్టు. చాయ్ ఇచ్చారు. ఇన్నేళ్ళూ దాచుకున్నదాన్ని అప్పుడు చెప్పేశాను. మీకు అబద్ధం చెప్పానమ్మా, సిట్టింగులు కాదు, డ్రైవరుగా చేశాను, ఆ రోజు కారు గేటు ముందు ఆగేదాకా మీకెవరికీ తెలియదు అన్నాను.

ఆమె నవ్వారు. "మాకు మొదటి వారమే ఎరికైంది బిడ్డా. నీ అంగీలు ఉతికింది ఎవలు? రెండింటికి కుడి మోచేయి కాడనే మురికి. కిటికీ మీద చెయ్యి వెట్టెటోనికే గట్లయితది. మా తమ్ముడు లారీ నడుపుతుండె, వాని అంగీలు గూడ నేనే ఉతికిన."

"మరి సార్ రోజూ పిల్లలకు నా గురించి..."

"ఆయన్ని గూడ అడిగిన. ఉన్నది చెప్పరాదుండ్రి అన్న. 'వాడు రైటరే, వాడు మర్చిపోకుంట మనం అనాలె గదా' అన్నడు." చాయ్ గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "ఆ ఇంటి మేనేజరు రెండుసార్లొచ్చిండు. ఒగల ఇంటికి పోయి చెప్పుడు నాతోని కాదు, వాళ్ళనే రమ్మను అన్నడు సార్. మూడోసారి వచ్చినప్పుడు, ఏ ఇల్లని అడిగిండు. నువ్వు చెప్పిన పేరే. వస్త అన్నడు. ఆ పొద్దు నన్ను పిలిచి, రిటైరైన దినం ఏస్కున్న తెల్లంగి తియ్యమన్నడు, గంజి గట్టిగ పెట్టమన్నడు. నీకేందయ్యా ఈ వయసుల షోకు అంటే, 'షోకు కాదే, అడగవోతున్న గదా, గట్లనే పోవాలె' అన్నడు."

కర్రీ పాయింటులో ఎవరో గిన్నె పడేశారు. ఆమె అటు చూసి ఏదో అన్నారు కానీ నాకు వినపడలేదు. జీవితంలో ఎవరి గడపా తొక్కనన్న మనిషి సుద్ద తెలుపు వేసుకుని, నా పక్కన, నేను నడిపే కారులో కూర్చుని, నాకోసం చేతులు పట్టుకుని అడగడానికి వెళ్ళారు. ఆయన చొక్కా చప్పుడు విని నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ రోజు కారులో ఇద్దరం తెల్లబట్టల్లో ఉన్నాం. క్యాండిడేట్‌ని నేనేననుకున్నాను, ఇన్నేళ్ళూ.